నడక మానేసిన పిల్లల వెన్ను చూడండి: ఉమ్మడి వరంగల్ వైద్యాధికారులకు బహిరంగ లేఖ

వరంగల్, హన్మకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారులకు నమస్కారం.

కొత్త ఆస్పత్రి కావాలని ఈ లేఖ రాయడం లేదు. వరంగల్ పాత సెంట్రల్ జైలు జాగాలోని పెద్దాస్పత్రి భవనం గురించి అడగడానికీ కాదు. మీ ఆరుగురి సంతకాలతో, మీ దగ్గర ఇప్పుడున్న మనుషులతోనే అయ్యే పని ఒకటుంది. దాని కోసం రాస్తున్నాను.

నేను హన్మకొండలో ఫిజియోథెరపిస్టుని. చిన్న క్లినిక్ నడుపుతూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వచ్చే వాళ్లకు కూడా వ్యాయామాలు చేయిస్తుంటాను. క్యాన్సర్ వైద్యం నా పని కాదు. ఆ వైద్యం అయిపోయాక మిగిలే పని మాత్రం నా దగ్గరికే వస్తుంది. గడ్డ కరిగిపోయి, స్కాన్ బాగుండి, డాక్టర్లు "ఇక భయం లేదు" అని పంపించిన పిల్లలు నా దగ్గర గోడ పట్టుకుని నిలబడటం మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంటారు. కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఎందుకు రాదో వాళ్ల పాత కాగితాలు తిరగేస్తే అర్థమవుతుంది. ఈ పిల్లల ప్రాణం హైదరాబాద్‌లో దక్కుతోంది. కాళ్లు మాత్రం ఇక్కడే, ఊరికీ వరంగల్‌కీ మధ్య పోతున్నాయి.

మీలో చాలామందికి తెలిసిన విషయమే అయినా, ఇది చదివే తల్లిదండ్రుల కోసం కాస్త వివరంగా చెబుతాను. న్యూరోబ్లాస్టోమా అని చిన్నపిల్లలకు వచ్చే క్యాన్సర్ ఉంది. మెదడులో కాకుండా ఒంట్లో మరోచోట గడ్డగా వచ్చే పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దాదాపు అందరికీ అయిదేళ్లలోపే, ఎక్కువమందికి రెండేళ్లు అటూ ఇటూగా బయటపడుతుంది. కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలోనో, వెన్నెముకకు రెండు పక్కలా మెడ నుంచి నడుము కింది దాకా దిగే నరాల గొలుసులోనో పుడుతుంది. ఒక్కో వెన్నుపూస దగ్గర నరం బయటకొచ్చే సందు ఉంటుంది. పక్కనే పెరుగుతున్న గడ్డ ఆ సందులోంచి లోపలికి దూరుతుంది. బయట ఒక ముద్ద, లోపల ఒక ముద్ద, నడుమ సన్నని మెడ. డాక్టర్లు దీన్ని డంబెల్ ట్యూమర్ అంటారు. బయటి ముద్ద పెరగడానికి ఛాతీలోనో పొట్టలోనో జాగా ఉంటుంది. లోపలి ముద్ద చుట్టూ ఎముకే కాబట్టి అది పెరిగినకొద్దీ వెన్నుపాము నలుగుతుంది. న్యూరోబ్లాస్టోమా వచ్చిన పిల్లల్లో నూటికి 5 నుంచి 15 మందికి ఇలా వెన్ను లోపలికి పాకి ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఇవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్, లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్, అప్పుడప్పుడు లుకేమియా అనే రక్త క్యాన్సర్ కూడా ఇదే పని చేస్తాయి.

వెన్నులోకి పాకిందంటే చాలామంది ఇక ఆశ లేదనుకుంటారు. అది తప్పు. ఇలా పాకిన న్యూరోబ్లాస్టోమాల్లో చాలా భాగం ఒకే చోట ఉండిపోయేవి, మందుకు బాగా లొంగేవి. తక్కువ ప్రమాదం కోవలోకి వచ్చే పిల్లలకు మంచి కేంద్రాల్లో వైద్యం అందితే నూటికి తొంభై మందికి పైగా బతుకుతారు. ఒళ్లంతా పాకిన మొండి రకాల సంగతి వేరు, వాటిలో లోకమంతటా డాక్టర్లు ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నారు. కానీ నా దగ్గరికి వచ్చే పిల్లలకు ముందు డెబ్బై ఏళ్ల బతుకుంది. ఆ డెబ్బై ఏళ్లు నడుస్తారా, ఉచ్చ ఆపుకోగలుగుతారా అన్నది గడ్డ కనిపెట్టడానికి ముందరి కొద్ది రోజుల్లో తేలిపోతోంది.

రెండేళ్ల పిల్లకు నడుం నొప్పి అని చెప్పడం రాదు. ఎత్తుకోమంటుంది. మన దగ్గర ఆ వయసు పిల్లలు ఎలాగూ నానమ్మ చంకలోనో తాత భుజం మీదో ఉంటారు కాబట్టి, నడక తగ్గిన సంగతి ఇంట్లోవాళ్లకు పట్టేసరికే రోజులు గడుస్తాయి. "నడ్వనీకె బద్దకం చేస్తున్నదనుకున్నం మేడం" అని తల్లులు చెప్పే మాట నాకు అలవాటైపోయింది. ఆ తర్వాత గుర్తు చేసుకుంటారు: చంకల్లో చేతులు పెట్టి లేపితే ఏడ్చింది, రాత్రి పడుకోబెడితే లేచి కూర్చునేది, వంగి బొమ్మ తీసుకోకుండా మోకాళ్ల మీద దిగి తీసుకునేది, నాలుగు రోజుల సంది దొడ్డికి పోలేదు. ఉచ్చ సంగతి ఇంకా మోసం చేస్తుంది. మూత్రాశయం నిండిపోయి బొట్లు బొట్లుగా కారుతుంటే "మళ్లా బట్టల్ల పోసుడు మొదలు వెట్టింది" అనుకుంటారు. లోపల ఆగిపోయిందని ఎవరికి తడుతుంది?

ఏటూరునాగారం వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒక పాప ఉంది. వాళ్లమ్మ నీలం రంగు ప్లాస్టిక్ ఫైలులో అన్ని కాగితాలూ తారీఖు ప్రకారం పెట్టుకుంది. మొదటి చీటీ మీద జ్వరం మందు, బి-కాంప్లెక్స్ సిరప్. రెండో దాని మీద క్యాల్షియం, విటమిన్ డి. మూడో చోట మోకాళ్ల ఎక్స్‌రే తీశారు, రెండు కాళ్లకూ, రెండు వైపుల నుంచీ. బాగానే ఉంది అని రాశారు. బాగానే ఉంది మరి, మోకాళ్లకు ఏ రోగమూ లేదు. నాలుగో చోట విరేచనం కావడానికి మందు. అయిదో చోట "పక్షవాతమేమో, పెద్దాస్పత్రికి" అని ఒక వాక్యం, కింద సంతకం. పిల్ల చొక్కా విప్పించి వెన్ను తట్టి చూసినట్టు ఆ అయిదు కాగితాల్లో ఎక్కడా లేదు. మొదటి చీటీకీ ఎంఆర్‌ఐకీ మధ్య నెల కావస్తోంది. ఎంఆర్‌ఐలో ఛాతీ వెనక గడ్డ, అయిదారు వెన్నుపూసల పొడుగునా లోపలికి పాకి ఉంది. అప్పటికి పాప రెండు కాళ్లూ కదలడం లేదు.

ఆ పాప గడ్డ ఇప్పుడు లేదు. ఎడమ పాదానికి ప్లాస్టిక్ పట్టీ వేసుకుని బార్లు పట్టుకుని నడుస్తుంది. ఎడమ బూటు ముందు భాగం నేలకు గీసుకుని అరిగిపోయి తెల్లగా కనిపిస్తుంది. మడమ దగ్గర మాత్రం కొన్ననాటిలాగే ఉంది, మడమ నేలకు తగలదు కాబట్టి. నాలుగు గంటలకోసారి వాళ్లమ్మ సన్నని గొట్టం పెట్టి ఉచ్చ తీస్తుంది. ఆ చీటీలు రాసిన వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. ఒక్కొక్కరూ తమ ముందున్న ఒక్క ముక్కనే చూశారు.

ఇక ఆర్‌ఎంపీల విషయం. వాళ్లను తిట్టడం తేలిక. రాత్రి పదింటికి తాడ్వాయి అవతల గూడెంలో తలుపు తీసేది వాళ్లే. అయితే ఒక ఇంజెక్షన్ గురించి మీరు వాళ్లతో కూర్చుని మాట్లాడక తప్పదు. దేనికైనా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పొడిచే అలవాటు మనందరికీ తెలుసు. వెన్నుపాము నలిగినప్పుడు వాపు తగ్గించడానికి పెద్ద డాక్టర్లు ఇచ్చే మందూ అదే. అందుకే ఆ సూది పడ్డాక పిల్ల రెండు మూడు రోజులు కాస్త తేరుకుంటుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, గడ్డ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అది లింఫోమానో లుకేమియానో అయితే మరో చిక్కు. స్టెరాయిడ్‌కి ఆ కణాలు తాత్కాలికంగా కరిగిపోయి, తర్వాత ముక్క తీసి పరీక్షిస్తే రోగం ఏదో తేలడం కష్టమవుతుంది. ఇచ్చినందుకు శిక్ష వేయమని నేనడగను. ఏం ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది చీటీ మీద రాయమనండి. దాచిపెట్టిన సూది కంటే రాసిన సూది వెయ్యి రెట్లు నయం.

ఇప్పుడు అసలు అడగవలసింది అడుగుతాను.

కాళ్లు చచ్చుబడిన పిల్లల్ని వెతికే యంత్రాంగం మన రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. చాలా బాగా పనిచేస్తోంది కూడా. 15 ఏళ్లలోపు పిల్లలెవరికైనా కాళ్లో చేతులో హఠాత్తుగా మెత్తబడిపోతే మీకు వెంటనే కబురు రావాలి. 48 గంటల్లోపు మనిషి వెళ్లి చూడాలి. 14 రోజుల్లోపు కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు మలం నమూనా తీసి, ఐస్‌ప్యాకుల డబ్బాలో ల్యాబ్‌కి పంపాలి. 60 రోజులు దాటాక మళ్లీ వెళ్లి చూడాలి. పోలియో మళ్లీ వస్తే పట్టుకోవడానికి పెట్టిన ఏఎఫ్‌పీ నిఘా అంటే ఇదే. దేశంలో వైల్డ్ పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. అయినా వెతకడం ఆపలేదు, ఆపకూడదు కూడా. "నిండు జీవితానికి రెండు చుక్కలు" అని గోడల మీద రాసుకున్న శాఖ మీది. కానీ ఒక్కసారి ఆలోచించండి. కాళ్లు కదలని పిల్ల దగ్గరికి మీ మనిషి 48 గంటల్లో చేరుకుంటున్నాడు, మలం డబ్బా తీసుకుని వస్తున్నాడు, వెన్ను చూడకుండానే వెనక్కి వస్తున్నాడు.

ఏఎఫ్‌పీ కేసుకు నింపే ఫారం జాతీయ స్థాయిది, మార్చడం మీ చేతిలో లేదు. దానికి పిన్ చేసే అర కాగితం మీ చేతిలో ఉంది. ఆ అర కాగితంలో పెద్ద వైద్యమేమీ అక్కర్లేదు. ఉచ్చ ఆగిందా, ఎప్పటి నుంచి? బొడ్డు కింద నిండిన మూత్రాశయం చేతికి తగులుతోందా? దొడ్డికి పోయి రోజులు గడిచాయా? రాత్రి నొప్పితో లేస్తోందా? వెన్నుపూసల మీద పై నుంచి కిందికి వేలితో తడుతూ పోతే ఎక్కడైనా ఉలిక్కిపడి ఏడుస్తోందా? గిచ్చితే కాళ్ల మీద తెలియక, పొట్ట పైభాగంలో మాత్రం తెలుస్తోందా? పొట్టలో గట్టిగా ఏమైనా ఉందా? కళ్ల చుట్టూ దెబ్బ తగలకుండానే నల్లగా కమిలిందా, ఒక కంటి రెప్ప వాలిందా? వీటిలో ఒక్కదానికి "అవును" వచ్చినా ఆ పిల్లది అత్యవసరం అని పైన ఎర్ర సిరాతో రాయాలి.

ఎందుకంటే పిల్లల కాళ్లు మెత్తబడితే మన దగ్గర మొదట నోటికొచ్చే పేరు గులియన్ బారీ అనే నరాల జబ్బు. అందులో కూడా కాళ్లు చచ్చుబడతాయి, నొప్పులుంటాయి. కానీ మొదటి రోజునుంచే ఉచ్చ ఆగిపోవడం, ఒక గీత గీసినట్టు ఆ కిందంతా స్పర్శ పోవడం దాని లక్షణాలు కావు. అవి వెన్నుపాము చెప్పే మాటలు. ఇంకోటి, మన ప్రాంతంలో వెన్నుకు టీబీ కూడా ఉంది. ఎక్స్‌రేలో ఏదో మసకగా కనిపిస్తే ముక్క పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టడం కూడా ఉంది. టీబీ చీము గడ్డయినా, క్యాన్సర్ గడ్డయినా, వెన్నుపాము వాపయినా తేల్చేది మొత్తం వెన్నుకు తీసే ఎంఆర్‌ఐనే. కాబట్టి ఆ ఎంఆర్‌ఐ దండగ ఖర్చు ఎప్పటికీ కాదు. న్యూరోబ్లాస్టోమా అరుదు కదా అని మీలో ఎవరైనా అంటే నా జవాబు ఇదే: వెన్నుపాము నలగడం అన్ని కారణాలూ కలుపుకుంటే అంత అరుదేం కాదు. పైగా 2011 తర్వాత ఒక్కటీ దొరకని వైల్డ్ పోలియో కోసం మనం పెడుతున్న శ్రద్ధ ముందు అరుదు అన్న మాట నిలబడదు.

ఎంఆర్‌ఐ దాకా వెళ్లే లోపు ఏరియా ఆస్పత్రిలోనే చేయగలిగినవి రెండున్నాయి. ఛాతీ ఎక్స్‌రే, పొట్ట అల్ట్రాసౌండ్. గుండె వెనక వైపు గడ్డ ఉంటే మామూలు ఛాతీ ఎక్స్‌రేలోనే నీడ కనిపించవచ్చు. వెన్ను ఎక్స్‌రేలో నరాల సందు వెడల్పయినట్టు, పక్కటెముకలు ఎడమైనట్టు తెలియవచ్చు. మోకాలికి తీసే ఫిలిం ఛాతీకి తీస్తే సగం దారి దొరుకుతుంది. ఇవి బాగున్నంత మాత్రాన గడ్డ లేదని కాదు, అది మాత్రం గట్టిగా చెప్పాలి.

ఎంఆర్‌ఐ దగ్గర వచ్చే చిక్కు యంత్రం కాదు, మత్తు. రెండేళ్ల పిల్ల ఆ గొట్టంలో అరగంట కదలకుండా పడుకోదు. మత్తు డాక్టరు సోమవారం వస్తారంటారు, ఆ రోజు శుక్రవారం ఉంటుంది. పెద్దవాళ్ల నడుం నొప్పుల వరుసలో ఈ పిల్ల పేరు పదహారోదిగా ఉంటుంది. కాళ్లు బలహీనపడి ఉచ్చ ఆగిన పిల్లను ఆ రోజే, వరుస తప్పించి లోపలికి పంపాలని ఒక్క ఉత్తర్వు కావాలి. మత్తు డాక్టర్ల డ్యూటీ పట్టికలో ఇలాంటి పిల్లల కోసం ఒక ఫోన్ నంబర్ కావాలి. మేడారం జాతరకు లక్షల మంది వచ్చే అడవిలో శిబిరాలు పెట్టి, అంబులెన్సులు నిలబెట్టి, డాక్టర్లకు డ్యూటీలు వేసి నడిపించే శాఖకు ఒక ఫోన్ నంబర్ ఎంత పని?

తర్వాత హైదరాబాద్ ప్రయాణం. పిల్లల క్యాన్సర్ వైద్యులు ఉన్న ఎంఎన్‌జే ఆస్పత్రి, పిల్లల పెద్దాస్పత్రి నీలోఫర్ రెండూ లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఉన్నాయి. వరంగల్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. దూరం పెద్ద సమస్య కాదు. "హయ్యర్ సెంటర్‌కి" అని రాసిన చీటీ పట్టుకుని తల్లీ పిల్లా కాజీపేటలో రైలెక్కి, ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో తెలియక ఓపీ వరుసలో తెల్లారేదాకా కూర్చోవడం సమస్య. పంపే డాక్టరు అందుకునే డాక్టరుకి ఒక్క ఫోన్ చేసి, "ఇలాంటి పిల్ల వస్తోంది, కాళ్లలో బలం ఇంత ఉంది, ఉచ్చ ఇన్ని గంటలుగా ఆగింది, ఫలానా టైముకు డెక్సా ఇచ్చాం" అని చెప్తే సగం రోజు మిగులుతుంది. స్టెరాయిడ్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది కూడా ఆ ఫోన్‌లోనే తేలుతుంది. ఆరోగ్యశ్రీలో అత్యవసర కేసులకు ఫోన్ మీద అనుమతి తీసుకునే వెసులుబాటు ఉంది. 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలకు పెరిగింది కూడా. వెన్నుపాము నలిగిన పిల్ల అత్యవసర కేసేనని ఆస్పత్రుల్లో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రలకు మీ తరఫున ఒక ముక్క చెప్పండి. రేషన్ కార్డులో పిల్ల పేరు ఇంకా ఎక్కలేదన్న కారణంతో గంటలు పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. రెండేళ్ల పిల్లల విషయంలో ఈ చిక్కు తరచూ వస్తుంది.

హైదరాబాద్ చేరాక ఏం చేస్తారన్నది తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న. ఊళ్లో ఎవరో "వెన్ను కోస్తే పిల్ల మంచానికే" అని భయపెడతారు, ఇంకెవరో "వెంటనే కోయకపోతే అంతే" అంటారు. నాకు అర్థమైనంత వరకు ఉన్నది ఇది. న్యూరోబ్లాస్టోమా కీమోకు బాగా కరిగే గడ్డ. కార్బోప్లాటిన్, ఎటోపోసైడ్ లాంటి పాత మందులతోనే చాలామందిలో కొద్ది రోజుల్లో లోపలి ఒత్తిడి తగ్గడం మొదలవుతుంది. అందుకే వీలైనచోట కీమోతో మొదలుపెట్టడానికే ఎక్కువమంది డాక్టర్లు మొగ్గు చూపుతారు. గంటగంటకూ కాళ్లలో బలం పడిపోతుంటేనో, గడ్డ కీమోకు లొంగని రకమైతేనో వెన్నుపూస వెనక భాగం తీసి లోపలి ఒత్తిడి తప్పించే ఆపరేషన్ చేస్తారు. దానికి కట్టే మూల్యం తర్వాత కనిపిస్తుంది: పెరిగే వయసులో వెన్ను వంకర తిరగడం, గూని రావడం. ఎంత చిన్న వయసులో, ఎన్ని పూసల మేర తీస్తే ఆ భయం అంత ఎక్కువ. రేడియేషన్ కూడా చిన్నపిల్లల వెన్నుపూసల ఎదుగుదలను దెబ్బతీస్తుంది కాబట్టి ఈ గడ్డలకు దాన్ని ఇప్పుడు మొదటి మందుగా వాడటం తగ్గింది. కీమోనా, ఆపరేషనా అన్న వాదం డాక్టర్ల మధ్య ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం రెండో మాట లేదు. వైద్యం మొదలయ్యే రోజుకు కాళ్లలో ఎంత బలం మిగిలి ఉంది, అది పోయి ఎన్నాళ్లయింది అన్నదాన్ని బట్టే తర్వాత ఎంత తిరిగొస్తుందన్నది ఉంటుంది. కాళ్లు ఇంకా కదులుతుండగా చేరిన పిల్లలు నా దగ్గర పరిగెత్తుతారు. పూర్తిగా చచ్చుబడి వారాలు గడిచాక చేరిన వాళ్లకు ఎంత మంచి కీమో ఇచ్చినా, ఎంత నేర్పుగా కోసినా, నేనెంత వ్యాయామం చేయించినా ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది.

ఏఎఫ్‌పీ వలలో పడని పిల్లలూ ఉన్నారు, వాళ్ల గురించి కూడా చెప్పాలి. ఆ నిఘా హఠాత్తుగా మెత్తబడిన కాళ్లకు. గడ్డ నెమ్మదిగా నొక్కితే కాళ్లు మెత్తబడకపోగా బిర్రబిగుసుకుపోవచ్చు, నడక వారాల మీద తగ్గవచ్చు. అలాంటి పిల్ల ఏ ఫారంలోకీ రాదు. ఆమెను చూడగలిగేది అంగన్‌వాడీ టీచరమ్మ. నెలనెలా బరువు చూస్తుంది కదా. పోయిన నెల కాంటా మీద తనంతట తాను నిలబడిన పిల్ల ఈ నెల నిలబడనని ఏడిస్తే, ఆ నెల బరువు గడి పక్కన ఒక గుర్తు పెట్టి ఏఎన్‌ఎంకి చెప్పడం ఆమె చేయగలదు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వస్తూనే ఉన్నాయి. నడక నేర్వని పిల్లలకు వాళ్ల పట్టికలో గడి ఉంది. వచ్చిన నడక పోగొట్టుకున్న పిల్లను మాత్రం ఆ గడిలో, నెలల తర్వాత పిలిచే వరుసలో వేయకూడదు. ఆమెను అదే వాహనంలో ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పిల్లల క్యాన్సర్ల మీద మొదలుపెట్టిన కార్యక్రమంలో ముందుగా చూడాల్సిన ఆరు రకాలు ఎంచింది. న్యూరోబ్లాస్టోమా అందులో లేదు. కాబట్టి పై నుంచి మీకు దీని మీద సర్క్యులర్ వస్తుందని ఎదురుచూడకండి. సెప్టెంబరులో బంగారు రంగు రిబ్బన్లు పెట్టుకుని ర్యాలీ తీయడం మంచిదే. ఆ బ్యానర్ ఖర్చుతో ఆరు జిల్లాలకూ సరిపడా అర కాగితాలు అచ్చవుతాయి.

వైద్యం తర్వాతి సంగతి నా పని కాబట్టి రెండు మాటలు ఎక్కువ రాస్తాను. ఉచ్చ రాని పిల్లకు మూత్రాశయం నిండి వెనక్కి తన్ని కిడ్నీలు పాడవకుండా కాపాడేది ఆ నాలుగు గంటలకోసారి పెట్టే గొట్టమే. చేతులు సబ్బుతో కడుక్కుని తల్లి ఇంట్లోనే పెట్టవచ్చు. చదువు రాని తల్లులు కూడా రెండు రోజుల్లో నేర్చుకుంటారు, నేను చూశాను. కానీ ఆ ఆరో నంబరు, ఎనిమిదో నంబరు గొట్టాలు, జెల్లీ హన్మకొండ చౌరస్తా మెడికల్ షాపులో దొరికినట్టు మంగపేటలో దొరకవు. పీహెచ్‌సీ ఇండెంట్‌లో వాటిని కలపండి. నెలనెలా వచ్చి తీసుకునే పిల్ల పేరు ఏఎన్‌ఎం దగ్గర ఉంటే, ఒక నెల రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి కూడా ఉంటుంది.

పాదం పట్టీ పిల్లకు ఏడాదిలో పొట్టిదవుతుంది. కొత్తది చేయించాలంటే మళ్లీ హైదరాబాద్ పోవాలా అని అడుగుతారు. వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లిన సదరం క్యాంపులో "గడ్డ పోయింది కదా, ఇంకేం వైకల్యం" అన్న మాట విని ఒక తండ్రి తిరిగి వచ్చాడు. క్యాన్సర్ తగ్గడం వేరు, కాలు రావడం వేరు అని ఆ క్యాంపులో కూర్చునే వాళ్లకు ఎవరు చెప్పాలి? వెన్ను ఆపరేషన్ అయిన పిల్లల్ని ఎదుగుదల ఆగేదాకా ఏడాదికి రెండుసార్లయినా చొక్కా విప్పి, ముందుకు వంచి, వెన్ను వంకర చూడాలి. గడ్డ పోయాక అయిదారేళ్లకు గూని మొదలైతే, అప్పటికి ఆ కుటుంబం హైదరాబాద్ దారి మర్చిపోయి ఉంటుంది. భవిత కేంద్రాల్లో మాలాంటి వాళ్లం ఎలాగూ ఉన్నాం. క్యాన్సర్ ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజు ఆ కేంద్రం పేరు డిశ్చార్జి కాగితంలో ఉంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

ఆరు జిల్లాల్లో ఒకేసారి కుదరకపోతే ములుగులో మొదలుపెట్టండి. గూడేలు దూరం, రోడ్లు వానాకాలంలో తెగుతాయి, ఆలస్యం అక్కడే ఎక్కువ. అర కాగితం ముసాయిదా తెలుగులో నేను రాసి పెట్టాను, మీ పిల్లల డాక్టర్లు దిద్దాల్సి ఉంది. నెలవారీ సమీక్షలో పది నిమిషాలు ఇప్పిస్తే తెచ్చి చూపిస్తాను. ఆశాల సమావేశం ఏ మండలంలో పెట్టినా, ఆదివారమైనా వస్తాను. టీఏ అక్కర్లేదు, ప్రొజెక్టర్ కూడా అక్కర్లేదు. ఒక చాప పరిస్తే, పిల్లను ఎలా పడుకోబెట్టాలి, అరికాలు ఎలా గీకాలి, వెన్ను ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తట్టాలి అన్నది చేసి చూపిస్తాను. ఆర్‌ఎంపీలను కూడా పిలవండి. పిలిస్తే వస్తారు.

ఇట్లు
ఒక ఫిజియోథెరపిస్ట్, హన్మకొండ